వాల్వ్ ఎవరి వైపు?

2018 ఎండాకాలం. కడప జిల్లాలో వేంపల్లె వైపు ఒక పల్లె. చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, ఆకు రాల్చి పుల్లలై నిలబడిన కాలం. నేను బోరు మోటార్ల మేస్త్రీని. సబ్‌మెర్సిబుల్ మోటారును, అంటే నీళ్లలో మునిగి పనిచేసే మోటారును, బోరులోకి దించడం, పాడైతే పైకి లాగడం, పైపులైన్లు వేయడం నా పని. నలభై దాటాక మోటారు రేకు మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చినవాణ్ణి. చుట్టి చెప్పడం నాకు రాదు.

ఓబులేసు కబురు పెడితే పోయాను. అన్నదమ్ములిద్దరు. పంపకాల్లో నీళ్లున్న బోరు అన్న ఓబులేసు భాగానికి వచ్చింది. తమ్ముడు నాగన్న వేసుకున్న బోరు ఆ యేడు ఎండిపోయింది. అతని చెట్లు మొదటి కాపుకు వచ్చి ఉన్నాయి. చీనీ చెట్టును ఏండ్ల తరబడి బిడ్డను సాకినట్టు సాకాలి. ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే పొయ్యిలోకే.

"మా నాగనికి పైపు లాగల్ల మేస్త్రీ," అన్నాడు ఓబులేసు.

"నీ తోటకే నీళ్లు చాలీచాలకుండా ఉండాయి గదప్పా. వానికిస్తే నీ కాయ సన్నబడతాది."

"సన్నబడితే పడనీ. వాని చెట్లు ఎండుతాంటే నేను నీడన కూచోని చూడల్లనా?"

ఆ మాట కడుపులోంచి వచ్చిందే. నీళ్ల దగ్గర అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న ఊర్లు నేను చాలా చూశాను. తమ్ముడు అడగకముందే ఈయన ఇస్తున్నాడు. సంతోషంగా పైపు లాగాను. చివరికి గేట్ వాల్వ్ దగ్గరికి వచ్చింది పని. చక్రం తిప్పితే నీళ్లు వదిలేదీ, మూసేదీ అదే.

"రెండు తోటల నడిమి గట్టు మీద పెడదామప్పా. వానికి కావల్సినప్పుడు వాడే తిప్పుకుంటాడు," అన్నాను.

"వద్దు. నా మోటారు రూము కాడ పెట్టు. నీళ్లిస్తాండా గానీ పెత్తనమిస్తాండానా?"

అక్కడే పెట్టాను. సామాను సర్దుకుంటూ చూస్తే, ఆయన వాల్వ్ చక్రాన్ని ఊడదీసి రూములో మేకుకు తగిలిస్తున్నాడు. దొంగల భయమున్న చోట రైతులు చేసే పనే అది. ఇక్కడ దొంగ ఎవరో నాకు అర్థం కాలేదు.

మరుసటి ఎండాకాలం స్టార్టర్ కాలిందంటే మళ్లీ పోయాను. రూము ముందు నీడలో ఓబులేసు, ఊర్లోవాళ్లు కొందరు కూర్చుని ఉన్నారు. నాగన్న వచ్చి ఎండలో నిలబడ్డాడు.

"ఏంరా నాగా, ఇట్లొచ్చినావు?"

"నీళ్లు ఇడువన్నా."

"ఏం నీళ్లురా? తాగేటియా, పోసుకునేటియా?"

"పోసుకునేటియే అయ్యుంటాయిలే, వాని వాలకం చూడు," అని పక్కనున్నవాడు అందుకున్నాడు. అందరూ నవ్వారు. నాగన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే మేకు వైపు చూస్తున్నాడు. ఓబులేసు తీరిగ్గా లేచి, చక్రం తెచ్చి, తన చేత్తోనే తిప్పాడు. రోజూ ఇదే తంతు అట.

తమ్ముడు పోయాక అడిగాను. "ఆ చక్రమేదో వానికే ఇచ్చెయ్యరాదాప్పా?"

"ఇస్తే ఇంగ వాడు ఈ పక్కకొస్తాడా మేస్త్రీ? పంపకాలైన కాడ్నుంచి నా గడప తొక్కలే. నీళ్ల కోసరమన్నా అన్నా అని పిలుస్తాండాడు. అదీ పోగొట్టుకోమంటావా?"

ఆయనకు తమ్ముడు కావాలి. దానికి కనిపెట్టిన ఉపాయం అది. చెప్పి చూశాను, వినలేదు.

కరోనా తగ్గాక నాగన్న కాయ మంచి ధరకు పోయింది. మోటారు దించాలని కబురు పెడితే వెళ్లాను. కొత్త బోరు, చాలా లోతుది, సరిగ్గా గట్టు పక్కన, అన్న బోరుకు ఎదురుగా వేయించాడు.

"ఇంత దగ్గర యాడన్నా వేస్తారా అబ్బోడా? మీయన్న బోరు నీళ్లన్నీ ఇది గుంజుకుంటాది," అన్నాను.

"తెలుసు."

"నీ చెట్లు బతికిందే ఆయన నీళ్లతో."

"చెట్లు బతికినాయి మేస్త్రీ. నేను యాడ బతికినా? ఎవురు కనపడినా, మీయన్న లేకుంటే నీ గతేందిరా అనేవాళ్లే. నా కాయ తిని గూడా ఓబులేసు కాయ తియ్యగుండాదంటారు."

ఆ మోటారు నేను దించలేదు. నేను దించకపోతే ఆగేదేముంది? ఇంకో మేస్త్రీ వచ్చి దించిపోయాడు.

వచ్చిన ఎండాకాలానికి ఓబులేసు బోరు నీళ్లకు బదులు గాలి కక్కింది. ఉన్న పైపులకు ఇంకొన్ని జోడించి మోటారు అడుగు దాకా దించాను. బురద వచ్చింది, తర్వాత అదీ రాలేదు. ఈసారి ఎండుతున్నది ఓబులేసు తోట. నేనే గట్టు దాటి నాగన్న దగ్గరికి పోయాను.

"ఇస్తా," అన్నాడు కోపం లేకుండా. "ఎందుకియ్యను? అన్న గదా. వాల్వ్ మాత్రం నా రూము కాడుంటాది. రోజూ వచ్చి అడగమను."

వచ్చి చెప్పాను. ఓబులేసు పక్క చెట్టు నుంచి ఎండిన పుల్లొకటి విరిచాడు.

"వాడు నిలబడినట్ల నేనూ పోయి ఎండలో నిలబడల్లనా?"

"చెట్ల కోసరమప్పా."

"చెట్లు కొట్టేసేవాళ్లు యాడుంటారో తెలుసునా మేస్త్రీ?"

కొట్టించేశాడు, పచ్చిగా మిగిలిన వాటితో సహా. ఆ చక్రం మాత్రం మేకుకే ఉంది, తుప్పు పట్టి.

తప్పెవరిదని అడుగుతారు. అన్న ఇచ్చింది నిజం. తమ్ముడు నలిగింది కూడా నిజమే. ఇచ్చింది రోజూ అడిగించుకుంటే, తీసుకున్నవాడు నీళ్లను మరిచిపోతాడు, నిలబడిన ఎండనే గుర్తు పెట్టుకుంటాడు. నాకు అర్థమైంది ఇంతే.

ఇప్పుడు తమ్మునికో స్నేహితునికో పైపు లాగమని ఎవరు వచ్చినా ముందే చెబుతాను, వాల్వ్ నీళ్లు తీసుకునేవాని వైపే పెడతానని. ఒప్పుకోనివాళ్లకు ఇంకో మేస్త్రీ నంబరు ఇస్తాను.

చాలామంది ఆ నంబరే తీసుకుని పోతారు.