మెరిసే టాంకు

యంగీఆబాద్ పాత సామాన్ల సంతలో షుహ్రత్ అకాకి కళ్ళకంటే ముందు ముక్కు పనిచేస్తుంది. తాష్కెంట్‌లో ట్రాములు బాగుచేసి రిటైరైన మనిషి, అందరికీ అకా, అంటే అన్న. నేల మీద పరిచిన దుప్పట్ల దగ్గర వంగి, చిన్న రేకు ఇంధనం టాంకు కనబడితే చాలు, తీసి గొట్టం దగ్గర వాసన చూస్తాడు. బొమ్మ విమానాల ఇంధనంలో ఆముదం కలుపుతారు. ఎన్నేళ్ళయినా ఆ వాసన పోదు.

ఈసారి మాత్రం సరదాకి కాదు. వచ్చే ఆదివారం ఆయన పాత క్లబ్బువాళ్ళంతా బొమ్మ విమానాలు ఎగరేస్తున్నారు. ఈయన విమానంలో టాంకు తుప్పుపట్టి పోయింది. అలాంటివి ఇప్పుడెవరూ చేయరు. తనే అతుకుదామంటే చేతులు వణుకుతున్నాయి. తోడుగా, పక్కింట్లో ఉండే నేనూ వెళ్ళాను.

అక్కడ పాత సామాన్లు అమ్మే ముకద్దస్ దుప్పటి మీద దొరికింది, సరిగ్గా ఆ కొలతదే. ఆమె తన మరిది గ్యారేజీ ఖాళీ చేసి తెచ్చిన సామాను.

"చూడండి అకా, ఎలా మెరుస్తోందో! సోడా నీళ్ళలో ఉడకబెట్టి, బూడిదతో తోమాను."

"ఉడకబెట్టావా?" అకా ముఖం వాడిపోయింది.

"నల్లగా జిగురుపట్టి కంపు కొడుతుంటే ఎవరు కొంటారు?"

అకా ఆమె దగ్గర టీ గిన్నె అడిగి తీసుకుని, నీళ్ళు పోసి, టాంకు ముంచాడు. ఒక గొట్టం వేలితో మూసి, రెండోదానికి రబ్బరు గొట్టం తగిలించి ఊదాడు. అతుకు పొడవునా బుడగలు.

"ఇన్నాళ్ళూ చిల్లులన్నీ ఆ ఆముదం జిగురే మూసిపెట్టింది చెల్లెమ్మా."

"అయ్యో! మా అత్త కూడా నా తోముడుకి వంక పెట్టలేదు!" అని ముకద్దస్ సంచి అడుగు నుంచి ఇంకోటి తీసింది. "దీన్ని తోమే ఓపిక లేక వదిలేశా."

దానికి ఒక్క బుడగా రాలేదు. కానీ వేలెడు వెడల్పు ఎక్కువ.

"పట్టదు అకా," అన్నాను.

"విమానం పొట్ట చెక్కితే పడుతుంది," అన్నాడు మెల్లగా. ముప్పై ఏళ్ళుగా మనవల్ని కూడా తాకనివ్వని విమానం అది.

సాయంత్రం తన ఇంట్లో అకా కత్తి నూరుతూ కూర్చున్నాడు. భార్య జుల్ఫియా టీ తెచ్చింది. "పొద్దుపోయేదాకా నూరుతూనే ఉంటారా? ఏం, పులావులోకి కోస్తున్నారా విమానాన్ని?"

అకా తన చేతుల వంక చూసుకుని, కత్తి నాకిచ్చాడు. "నువ్వు చెక్కు. నేను పట్టుకుంటా."

చెక్కపొట్టు రాలుతోంది. "ఇంకొంచెం," అన్నాడు, కళ్ళు గట్టిగా మూసుకుని. "ఇంకొంచెం."

టాంకు లోపలికి జారి కూర్చుంది. పక్కన కాస్త బయటికి ఉబ్బింది కూడా. అకా కళ్ళు తెరిచి, విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పొట్ట వచ్చింది, నాకులాగే," అన్నాడు. "ఎగురుతుందిలే."