సత్తుగాడి గంట, అవ్వ హారతి

ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తాది గానీ, ఆ రోజుల్లో మాట్లాడే మనిషి లేక గిన్నెలతో మాట్లాడినవాణ్ణి నేను. ఆత్మకూరులో మాది పాత్రల అంగడి. ఉదయగిరిలో ఇంకోటి తెరిచి, చదువైపోయి ఊరికే తిరుగుతున్న నన్ను అందులో కూర్చోబెట్టినాడు మా నాయన. పగలు పర్వాలేదు, దుత్తలూరు, వరికుంటపాడు నుంచి వచ్చినోళ్ళు బిందె మీద వేలితో కొట్టి మోత విని బేరమాడేవాళ్ళు. సాయంత్రం షట్టర్ దించినాక ఇంక నోరు తెరవాల్సిన పనే ఉండేది కాదు. నాయన ఫోన్ చేసి గిరాకీ ఎట్లుండాది అనేవాడు, బాగుండాది అనేవాణ్ణి, పెట్టేసేవాడు. (నేనెట్లుండానో కూడా అందులోనే వచ్చేసిందని ఆయన లెక్క.) మెస్సులో తినేసి అద్దింటికి వచ్చి కిటికీలోంచి కొండను చూస్తా కూర్చుంటే ఏడుపొచ్చేది. ఎర్రగడ్డలు తరిగే పని కూడా లేదాయె, ఏ సాకు చెప్పుకునేది?

అట్లాంటప్పుడు ఒక వానపొద్దున, అంగడి ముందర సామాను సర్ది లోపలికి పోయి వచ్చేసరికి, సత్తు డేక్సాలో ఒక కుక్కపిల్ల ముడుచుకోని నిద్రపోతా ఉండాది. అల్యూమినియాన్ని మా పక్క సత్తు అంటారు, కాబట్టి వాడు సత్తుగాడైనాడు. నాతో పాటే అంగడికి వచ్చేవాడు, నాతో పాటే ఇంటికి. నేను చెప్పేదంతా చెవులు రిక్కించి వినేవాడు. చిక్కంతా ఇంటిదగ్గరే వచ్చింది. ఇల్లుగలామె పక్క పోర్షన్‌లోనే ఒక్కతే ఉంటాది, ఊరందరికీ అవ్వే, మడీ ఆచారం గట్టిగా పట్టే మనిషి. సత్తుగాడు మొదటిరోజే ఆమె పసుపు రాసిన గడప తడిపినాడు. అవ్వ అరవలేదు, నిదానంగా చెప్పింది. "అబ్బయా, ఇంకొకసారి నా ఇంట్లో తడి కనపడిందంటే, దాన్ని వదిలేసిరా, లేదంటే నువ్వూ దాంతోనే పో." ఇల్లు ఇంకోటి దొరకతాది. వాణ్ణి వదిలేస్తే మళ్ళీ ఆ కిటికీ, ఆ కొండ, నేను. నాకు నిజంగా భయమేసింది.

కుక్కలకు గంట నేర్పొచ్చని ఫోన్లో ఒక వీడియో చూసినాను. తలుపుకు గంట కట్టాలంట, బయటికి తీసకపోయే ప్రతిసారీ దాని కాలితో గంట తాకించాలంట. గంటకేం కొదవ, పాత్రలోళ్ళ బిడ్డనాయె. అంగట్లోంచి మంచి మోతగల ఇత్తడి పూజగంట తెచ్చి, పురికొసతో తలుపుకు మోకాలెత్తున కట్టినాను. సత్తుగాడు ముందు దాన్ని నాకినాడు, తర్వాత కొరికినాడు, ఆనక దాని కిందే పోసినాడు. తుడిచి తుడిచి నా నడుము పట్టేసినాక, ఒక పొద్దున నేను పళ్ళు తోముకుంటా ఉంటే గంట గణగణ మోగింది. నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తి తలుపు తీసినాను.

తలుపు తీస్తే ఎదురుగా అవ్వ. కొంగు తల మీదికి కప్పుకోని, కళ్ళు మూసుకోని, రెండు చేతులూ చాపి నిలబడుండాది. ఆమె కాళ్ళ పక్కనించి సత్తుగాడు దూసుకోనిపోయి కరెంటు స్తంభం దగ్గర కాలెత్తినాడు.

"హారతియ్యి నాయనా," అనింది అవ్వ.

దేవుడి గంటను కుక్క ఒంటేలుకు కట్టినానని ఆ మనిషికి ఏ నోటితో చెప్పేది? నురగ మింగేసి, లోపలికి పోయి, కర్పూరం వెతికి వెలిగించి తెచ్చినాను. ఆమె కళ్ళకద్దుకోని, ఈ కాలం పిల్లోళ్ళలో ఇంత భక్తా అని పొంగిపోయింది. అప్పట్నుంచి వాడికి ఒంటేలొస్తే దేవుడికి హారతి. కర్పూరం ప్యాకెట్లకు ప్యాకెట్లు అయిపోయేవి. అవ్వ ఉత్తచేతులతో వచ్చేది కాదు, రవ్వకేసరో గుగ్గిళ్ళో తెచ్చేది. అది కనిపెట్టి సత్తుగాడు అవసరం లేకపోయినా మోగించడం మొదలుపెట్టినాడు. హారతి అయినాక అవ్వ గడప మీద కూర్చోని, చచ్చిపోయిన మొగుడి కోపం గురించి, ఆయనకు నచ్చే పులుసు గురించి చెప్పుకుంటా పోయేది. నేను కిటికీ తెరవడం మానేసినాను.

నెల్లూరు నుంచి సరుకు లారీ వచ్చిన రోజు వాణ్ణి ఇంట్లోనే పెట్టి తాళమేసిపోయినాను. మధ్యాన్నం అవ్వ ఫోను. బయట తాళమేసుంటే లోపల పూజ జరగతా ఉండాదంట. పడతా లేస్తా వచ్చి తలుపు తీసి పక్కకు జరిగినాను. సత్తుగాడు బాణంలా స్తంభం దగ్గరికి పోయినాడు. అవ్వ వాణ్ణి చూసింది, మోకాలెత్తున ఊగే గంటను చూసింది, లోపలికొచ్చి నేలంతా చూసింది. ఎక్కడా తడి లేదు. తన పోర్షన్‌లోకి పోయి తలుపేసుకునింది.

ఇంక అయిపోయింది అనుకోని గంట విప్పేసి సామాను సర్దుకోవడం మొదలుపెట్టినాను. మర్నాడు సాయంత్రం గుగ్గిళ్ళ గిన్నెతో అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గంటెందుకు తీసేసినావురా?" అనింది. "అది మోగితేనే గదా నేను వచ్చేది."

నేను పోయి గంట తెచ్చి మళ్ళీ కట్టినాను.

ఆత్మకూరుకు తిరిగొచ్చేసి చాలా కాలమైంది. అవ్వ లేదు, సత్తుగాడూ లేడు. మా ఇంటికి కాలింగ్ బెల్లుండాది, కొరియరోళ్ళే నొక్కతారు. గుడికి పోయి గంట కొట్టినప్పుడల్లా నేనొక అడుగు పక్కకు జరగతాను. ఎవరికిరా దారిస్తా ఉండావు అని మా ఇంటోళ్ళు నవ్వతారు. నేనూ నవ్వతాను గానీ, కాసేపు అట్లనే పక్కకే నిలబడతాను.