కాచని కషాయం

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా పెనిమిటికి చెప్పలేదు, ఆయన పోయాడు. పిల్లలకు చెబితే పాతకాలం ముచ్చట అని నవ్వి ఊరుకుంటారు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. కట్టంగూరు దిక్కు ఒక పల్లె అనుకోండి, చాలు. గుండె మీద బండ మోశాను అని మొదలుపెడదామనుకున్నాను గానీ అది అబద్ధం. బండయితే ఒకచోట పడి ఉంటుంది. ఇది లోపల తిరుగుతూనే ఉంటుంది. కూర్చోనివ్వదు. లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు.

ఆ ఇంటికి నేను చిన్నకోడలిని. పెద్దకోడలు, అంటే మా బావ భార్య, సత్తెమ్మ. అక్కా అని పిలిచేదాన్ని. ఆమెది పాలమూరు దిక్కు పుట్టిల్లు. అక్కకు ఉబ్బసం ఉండేది. మా దగ్గర దమ్ము అంటారు. మబ్బు పట్టిందంటే చాలు, గోడకు ఆనుకుని, చేతులు మోకాళ్ల మీద మోపి, ఊపిరి కోసం పెనుగులాడేది. తేరుకున్న రోజుల్లో మాత్రం కలుపు తీతలో నన్ను దాటిపోయేది. వెనక్కి తిరిగి, ఏం చెల్లె నిద్రపోతున్నవా అని ఎకసెక్కం చేసేది కూడా.

నల్లగొండలో ఒక హకీం సాబు ఉండేవాడు. అడ్డసరం ఆకు, అతిమధురం, నాకు పేర్లు తెలియని వేర్లు ఏవేవో పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. ప్రతి సాయంత్రం ముంతెడు నీళ్లలో వేసి, సన్నటి మంట మీద, అడుగున నాలుగు గుక్కలు మిగిలేదాకా కాచాలి. ఏ రోజుది ఆ రోజే. పులుపు ముట్టకూడదు. ఇది పోయే రోగం కాదని, మందు విడవకుండా తాగినంత కాలం అణిగి ఉంటుందని ఆయన ముందే చెప్పాడట. అలాగే అణిగి ఉంది. పొగ అక్కకు పడదు కాబట్టి కషాయం కాచే పని నాకు పడింది.

ఇష్టంగా కాచానా? మొదట్లో కాచాను. తరువాత తరువాత, పొద్దంతా చేనులో వంగి వచ్చి, అందరికీ వండి పెట్టి, అంట్లు తోమి, మళ్లీ పొయ్యి ముందు కూర్చోవాలంటే లోపల ఏదో చిటపటలాడేది. ఆమె అరుగు మీద గాలికి కూర్చుంటుంది, నేను పొగలో కూర్చోవాలి. రోగం ఆమెది, దాని చాకిరీ నాదా? ఇలా అనుకున్న మాట నిజం.

అప్పుడే పోలీసు యాక్షన్ అయింది. రజాకార్లు పోయారు, ఇక నిమ్మళం అనుకున్నాం. మా దిక్కు నిమ్మళం రాలేదు. కమ్యూనిస్టు దళాలు గుట్టల్లోనే ఉన్నాయి, ఊళ్ల నుంచి వాళ్లకు అన్నం పోతోందని మా ఊళ్లో మిలిటరీ క్యాంపు పెట్టారు. ఒక సాయంత్రం, ఇంట్లో అందరూ తిన్నాక, మా ఇంటి మీద పొగ మిలిటరీవాళ్ల కంట పడింది. తిన్నాక పొయ్యి ఎందుకు మండుతోంది, ఎవరి కోసం వండుతున్నారు? ఇద్దరు జవాన్లు నేరుగా వంటింట్లోకి వచ్చారు. వాళ్ల భాష మాకు రాదు. అక్క తన రొమ్ము మీద చెయ్యి వేసుకుని, దగ్గి చూపించింది. ఒకడు ముంతను తన్నాడు. కషాయం బూడిదలో పారింది. నా పెనిమిటిని పట్టుకుపోయారు. తెల్లవారి వచ్చాడు. అంగీ వీపుకు అంటుకుపోయి ఉంది, తడిపి విప్పవలసి వచ్చింది.

ఆ సాయంత్రం వంట అయ్యాక నేను మళ్లీ పొయ్యి వెలిగించలేదు. భయపడ్డాను. ఎవరైనా భయపడతారు. అక్కడితో ఆగి ఉంటే ఇప్పుడు ఈ రాత అవసరం ఉండేది కాదు. అక్కా, కాచలేను, నాకు భయం అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను ఏం చేశానో చూడండి. పాత పిప్పి మీద, వంటప్పుడు కాగి మిగిలిన వేడినీళ్లు పోశాను. వేపాకు నలిపి పిండాను. రంగు కోసం ఆకువక్కలో వేసుకునే కాచు చిటికెడు కలిపాను. తీసుకెళ్లి చేతికిచ్చాను. అక్క కళ్లు మూసుకుని తాగింది. ముఖం చిట్లించి, ఇయ్యాల మరీ చేదుందే అని నవ్వింది.

మొదటి రోజులకు భయమే కారణం. తరువాతి రోజులకు ఏం చెప్పను? పగలు వంటతో పాటే కాచవచ్చు, అప్పుడు పొగ లేస్తే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన రాలేదా? వచ్చింది. పొద్దున కాస్తే చేనుకు ఆలస్యమవుతుంది, అత్త తిడుతుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. నాకు సాయంత్రాలు దొరికాయి. తల దువ్వుకునేదాన్ని. పక్కింటామెతో గోడ దగ్గర ముచ్చట పెట్టేదాన్ని. ఆ కాసేపు నేను ఎవరి కోడలినీ కాదనిపించేది. దానికి మరిగాను. క్యాంపు ఎత్తేశాక కూడా కషాయానికి పొయ్యి వెలిగించలేదు. బావ నల్లగొండ దాకా నడిచి పోయి తెచ్చిన కొత్త పొట్లాలను విప్పి, పెంటకుప్పలో వేసి, పైన పేడ కప్పాను.

దమ్ము తిరిగి వచ్చింది. రాదా మరి? వానాకాలం అని ఊరుకోవడానికి లేకుండా ఎండల్లో కూడా వచ్చింది. బావ హకీం సాబు దగ్గరికి పోతే, పథ్యం సరిగా ఉంటున్నదా అని ఆయన అడిగాడట. ఆయన తప్పేముంది, మందు తెలిసినవాడు ముందు అదే అడుగుతాడు. కానీ ఆ ఒక్క ప్రశ్న మా ఇంట్లో పెద్దగా పెరిగింది. నోరు కట్టుకోలేదు, అందుకే ఈ గతి అని అత్త వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది. మందు కాచేదాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పైగా పొగలో కూర్చుని చాకిరీ చేస్తున్నానని నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నేను కాదనలేదు.

అక్క మాత్రం తననే వెతుక్కుంది. పులుపు ముందే మానేసింది. కారం మానేసింది. పప్పు పడడం లేదేమో అని పప్పు మానేసింది. చివరికి ఉప్పు నీళ్లు చల్లుకుని జొన్నరొట్టె నమిలేది. మనిషి సగమైంది. ఎదురుగా కూర్చుని నేను పుల్లటి పుంటికూర కలుపుకుని తిన్నాను. గొంతు దిగిందా అంటే, దిగింది. అదే నన్ను ఇప్పుడు పీకుతున్నది.

ఇక ఈమెతో పని కాదని అత్త, బావ ఒక మాట అనుకున్నారు. పుట్టింటికి పంపుతున్నారు. మళ్లీ తీసుకొచ్చే ఉద్దేశం లేదని అందరికీ తెలుసు, అక్కకు కూడా తెలుసు. బండి సిద్ధం చేస్తున్నారు. అందరూ వాకిట్లో ఉండగా ఆమె నన్ను గాదె వెనకకు పిలిచింది. నిలబడలేక గాదెను పట్టుకుంది.

"చెల్లె, నీకొక్క మాట చెప్పాలె. అత్తకు చెప్పకు."

తెలిసిపోయిందనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు కొంచెం హాయి కూడా అనిపించింది.

"ఏందక్కా?"

"చింతకాయ తొక్కు కుండల ఏలువెట్టి నాకిన. నోరు సప్పగయి పానం గుంజింది. ఒక్కనాడే, నీ తోడు. గందుకే నాకు తక్కువైతలేదు. నువ్వు నా కోసం రోజు పొగల కూసుంటివి. నీ కష్టమంత బూడిదల పోసిన. జర మనసుల పెట్టుకోకు చెల్లె."

ఆమె నా రెండు చేతులు పట్టుకుంది. ఒక్కో మాటకు మధ్య ఊపిరి అందక ఆగుతోంది. అప్పుడు చెప్పాలి. బండి ఇంకా కదలలేదు, బావ ఎడ్లను కాడికి కడుతున్నాడు. చెబితే నన్ను కొడతారు, బహుశా నన్ను కూడా పుట్టింటికి పంపుతారు. అంతే కదా? ఆమె ఇల్లు ఆమెకు మిగిలేది.

"పోనీ తియ్యక్కా. నేనేమనుకోను" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని నా తల నిమిరింది. బండెక్కింది.

అక్కడ వాళ్లమ్మ కషాయం కాచింది. హకీం సాబు రాసిన చీటీ చూపించి అక్క తమ్ముడు దినుసులు కొనేవాడట. ఏడాది తిరగకుండానే తేరుకుందని, కలుపుకు పోతోందని కబురు వచ్చింది. అప్పుడైనా తెలుస్తుందనుకున్నాను. చూశారా, పుట్టింట్లో నోరు కట్టుకుంది, మన ఇంట్లో కట్టుకోలేదు అంది అత్త. ఆమెకు నయం కావడమే ఆమె మీద సాక్ష్యమైంది. బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అక్క అక్కడే ఉండిపోయింది, అక్కడే పోయింది. నేను ఒక్కసారి కూడా పోలేదు.

ఇప్పుడు నాకూ రోజూ మింగే మాత్రలున్నాయి. షుగరు. కోడలు మంచి పిల్ల, వేళకు తెచ్చి ఇస్తుంది. చేతిలో పెట్టగానే నేను మాత్రను అటూ ఇటూ తిప్పి చూస్తాను. ఆ పిల్ల మనసు నొచ్చుకుంటుంది. ఎందుకు చూస్తానో దానికి ఏం చెప్పను? డాక్టరు నన్నే అడుగుతాడు, పథ్యం తప్పుతున్నావా అమ్మా అని. తప్పుతున్నాను, నా మటుకు అది నిజమే. కానీ ఆ మాట వినపడినప్పుడల్లా, ఉప్పు నీళ్లు చల్లుకుని రొట్టె నములుతూ, తన తప్పు ఎక్కడుందో వెతుక్కుంటున్న మనిషి కనపడుతుంది. లేచి వాకిట్లో తిరుగుతాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అది ఎవరి చేతిలో ఉందో ఆమె, చేయని తప్పుకు నన్నే క్షమాపణ అడిగి పోయింది. నేను క్షమించాను కూడా. గాదె వెనక అనవలసిన మాట ఇక్కడ రాస్తున్నాను, ఇంతకంటే నాకు చేతకాదు.

అక్కా, తొక్కు వల్ల కాదు. మందు నేను కాచలేదు.