ఇంటిపేరు అడిగే సిద్ధరాములు

మరాఠీ గడ్డ మీద కుంఠా నాకా పేటలో ఉండే తెలుగు నేతగాడు సిద్ధరాములుకు ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషి ఇంటిపేరు తెలిస్తే చాలు, వాళ్ళ ముత్తాత ఏ పని చేసి బతికాడో చెప్పకుండా ఉండలేడు. అడిగారా లేదా అన్న పట్టింపు ఆయనకు లేదు. ఇంట్లో రెండు పవర్‌లూమ్‌లు టవళ్ళు నేస్తూ ఎంత మోత పెట్టినా ఆయన గొంతే పైన. ఆయనతో బయటికి వెళ్ళడమంటే కోడలు రూపాలికి ప్రాణసంకటం.

ఒకసారి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు సూది పట్టుకుని దగ్గరికి రాగానే ఈయన చెయ్యి వెనక్కి లాక్కుని ముందు ఇంటిపేరు అడిగాడు.

“డాక్టర్ సాబ్, మీ ఆడ్‌నావ్ ఏంది?”

“కులకర్ణి.”

“బరోబర్! మీ తాతలు ఊరి దస్తరం రాసెటోళ్ళు. మీరు చీటీ రాయిండ్రి, చాలు. సూది ఇంకెవలన్న ఏస్తరు.”

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కండక్టరు చొక్కా బిళ్ళ మీద సుతార్ అని చదివాడు. అంటే వడ్రంగి. ఇంకేముంది, ఊగుతున్న సీటు చూపించి, “టికెట్ తర్వాత, ముందు గిది బిగియ్యి” అన్నాడు. రూపాలి దారంతా మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అలాంటి మనిషి పక్కింటి నేహా పెళ్ళి మాటలకు పిలవకుండానే వెళ్ళి కూర్చున్నాడు. నేహా, హోట్గి రోడ్‌లో ఉండే అనికేత్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. తీరా చూస్తే ఇద్దరి ఇంటిపేరూ గాజుల. నేహా తండ్రి పాండురంగ్ అడ్డం తిరిగాడు.

“ఒకటే ఇంటిపేరంటే అన్నాచెల్లెండ్లే. ఈ లగ్నం కాదు!”

లోపల నేహా రూపాలి భుజం మీద పడి వెక్కుతోంది. మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. బయట మామ గొంతు సవరించుకోవడం విని, ఇక ఉన్నది కూడా చెడుతుందనుకుంది రూపాలి.

“ముందుగాల గోత్రాలు చెప్పుండ్రి,” అన్నాడు సిద్ధరాములు. గోత్రాలు వేరని తేలింది. “ఇంకేంది మరి? కరువుల మగ్గాలు ఆగితే అనికేత్ ముత్తాత లక్క కరిగించి గాజులు చేసిండు. పాండురంగ్, మీ ముత్తాత గాజుల మలారం భుజానేసుకొని ఊరూరు అమ్మిండు. చేసినోనికీ అమ్మినోనికీ బ్యారం ఉంటది గాని సుట్టరికం ఏడిది? గది ఇప్పుడు కలుపుకోండ్రి!”

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనికేత్ నానమ్మ పార్వతీబాయి, “అవునవును, లక్క వాసన నాకు యాదికుంది” అనేసింది. సాయంత్రానికి తాంబూలాలు మార్చుకున్నారు.

ఇంటికి రాగానే రూపాలి అడిగింది. “మామా, గిదంత నీకెట్ల ఎరుక?”

“నాకేం ఎరుక బిడ్డా? గోత్రాలొక్కటే పక్కా చేసుకున్న. పోరి అన్నం తింటలేదని నువ్వే గదా చెప్పినవ్.”

రూపాలికి నవ్వొచ్చింది. ముసలాయన మీద ముచ్చటేసింది.

అంతలో పాండురంగ్ గుమ్మంలోకి వచ్చాడు. “సిద్ధరాములన్నా, మా ముత్తాత మలారం మోసింది ఏ ఊళ్ళె? లగ్నపత్రికల అచ్చు ఏపిద్దాం.”

జన్మలో మొదటిసారి సిద్ధరాములుకు మాట దొరకలేదు. కోడలి వైపు చూశాడు.

“కరీంనగర్ దిక్కు, కాకా,” అంది రూపాలి తడుముకోకుండా. “పచ్చ గాజులే అమ్మెటోడంట. గది గూడ రాయించు.”