మేడం చూసిన మబ్బు

పోయిన గురువారం పొద్దున చిత్తూరులో క్లాసుకు బయలుదేరుతుంటే పాకాల నుంచి ఫోన్ వచ్చింది. మేడం పక్కింటామె. "మీ మేడం పోయినారప్పా. కుర్చీలో కూసున్నట్టే ఉండారు, పిలిస్తే పలకలేదు. ఫోన్‌లో ఏడు నంబర్లే ఉండాయి. దాంట్లో నీదొకటి." ఆ రోజు క్లాసు చెప్పలేకపోయాను.

మేడం తిరుపతి యూనివర్సిటీలో నా పరిశోధనకు గైడు. ఊరు ఐరాల దగ్గర. పెళ్లి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక పాకాలలో చిన్న ఇల్లు తీసుకుని, రోజూ రైల్లో తిరుపతికి వచ్చేవారు. మధ్యాహ్నం మిగతా వాళ్లంతా ఒకచోట చేరి తింటుంటే, ఆవిడ తన గదిలోనే కంప్యూటర్ ముందు పెరుగన్నం డబ్బా తెరిచేవారు. ఎవరూ రమ్మని పిలిచేవారు కాదు. కొత్త గ్రాఫు ఏది వచ్చినా ముందు పైటకొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఆ తర్వాతే "యాడ, సూద్దాం" అనేవారు.

మేం చూసేవి దూరపు గెలాక్సీలు. వాటి నడిబొడ్డున పెద్ద కృష్ణబిలం ఉంటుంది. దాని చుట్టూ సుడి తిరుగుతూ లోపలికి జారే వాయువు కాగి కాగి వెలుగుతుంది, ఆ దగ్గర్నుంచే ఎక్స్ కిరణాలు వస్తాయి. ఆ వెలుగు నిలకడగా ఉండదు. ఎందుకు పెరిగింది, ఎందుకు తగ్గిందని ఉపగ్రహాలు పంపిన లెక్కల్లో వెతకడమే మా పని.

నాకు అప్పగించిన గెలాక్సీ కొద్దిరోజుల్లోనే బాగా మసకబారింది. కృష్ణబిలంలో పడే వాయువే తగ్గిపోయిందని తేల్చి వ్యాసం రాసుకెళ్లాను. ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ దగ్గర పడింది, ఆలోపే దాన్ని పత్రికకు పంపాలి.

మేడం కళ్లద్దాలు తుడుచుకుని గ్రాఫు చూశారు. "సూడప్పా, బలం తక్కువుండే కిరణాలే పడిపోయినాయి. బలమైనవి అట్లే ఉండాయి. దీపమే తగ్గింటే రెండూ తగ్గల్ల గదా?"

"అయితే ఏమంటారు మేడం?"

"నడాన ఏదో వాయువు మబ్బు అడ్డమొచ్చుంటాది. బలం లేనివాటిని అది మింగేస్తాది, బలమైనవి దూరి వచ్చేస్తాయి. ఆరిపోయిందనే ముందు అడ్డమేమన్నా ఉండాదేమో సూడల్ల. ఇంకొన్నాళ్ల లెక్కలు రానీ."

"నాకంత టైం లేదు మేడం. మీకేం, ఇంటికి పోతే అడిగేవాళ్లు లేరు. ఎన్నాళ్లైనా కూర్చుంటారు."

మాట నోరు జారిపోయింది. ఆవిడ మళ్లీ కళ్లద్దాలు తీసి తుడవసాగారు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. కాసేపటికి "రైలుకు టైమయింది" అని సంచి తీసుకుని వెళ్లిపోయారు.

ఆమె పేరు తీసేసి వ్యాసం పంపాను. అది తిరిగొచ్చింది. దాన్ని పరిశీలించిన వాళ్లు అడిగింది ఆ ఒక్క ప్రశ్నే, బలమైన కిరణాలు ఎందుకు తగ్గలేదని. ఉద్యోగమూ రాలేదు. చాలా రోజులు ఆ గది వైపు వెళ్లడానికి ముఖం చెల్లలేదు. చివరికి ఒకరోజు తలుపు దగ్గర నిలబడ్డాను.

"వచ్చినావా? కూర్సో. కొత్త లెక్కలొచ్చినాయి" అన్నారు, ఏమీ జరగనట్టే.

తెర మీద బలం తక్కువ కిరణాలు మళ్లీ పాత ఎత్తుకు వచ్చేశాయి. బలమైనవి ఎప్పటిలాగే ఉన్నాయి. మబ్బు దాటిపోయింది. "మనం సూస్తా ఉండంగానే పోయిందప్పా!" అని చిన్నపిల్లలా నవ్వారు. నేనెరిగినంతలో ఆవిడ అంతగా నవ్వింది ఆ ఒక్కరోజే. క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు ఆ గ్రాఫు సరిగ్గా గియ్యి" అన్నారు. గ్రాఫు గీశాను. క్షమాపణ మాత్రం ఆ తర్వాత కూడా చెప్పలేదు. ఈ రోజు నేను పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ రోజు ఆవిడ కూర్చోమన్న మాట వల్లే.

రిటైరయ్యాక అప్పుడప్పుడు ఫోన్ చేసేవారు. "మన గెలాక్సీ మళ్లా మసకబారిందప్పా. వచ్చి సూస్తావా?" వచ్చే ఆదివారం వస్తాననేవాణ్ణి. చిత్తూరు నుంచి పాకాల ఎంత దూరమని! అయినా ఆ ఆదివారం రాలేదు.

గురువారం వెళ్లాను. ఐరాల నుంచి ఆమె తమ్ముడు, పక్కింటామె, నాతో చదివినవాళ్లు ఇద్దరు. అంతే. అన్నీ ముగిశాక పక్కింటామె నన్నడిగింది, "దినామూ ఆ కంప్యూటర్లో ఏం సూస్తా ఉన్నిందప్పా? అడిగితే నవ్వేసేది."

గెలాక్సీ గురించి, మబ్బు గురించి చేతనైనంత తేలిగ్గా చెప్పాను. ఆమె అంతా విని, "ఒక్కతే కూసోని అంత దూరం సూసిందా" అంది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. తీగ మీద మేడం ఆ పొద్దున ఉతికి ఆరేసుకున్న బూడిదరంగు చీర ఉంది. ఎప్పుడో ఆరిపోయింది. తీసి మడతపెడదామని చెయ్యి చాపాను. మడతపెట్టి ఎవరికివ్వాలో తోచలేదు. నేను బయలుదేరేటప్పటికి అది ఇంకా గాలికి ఊగుతూనే ఉంది.