కొబ్బరి చిప్పలో పిడుదులు

ఉదయం ఆరూ ఇరవైకి మా పెదనాన్న గొర్రె చెవి వెనక నుంచి మొదటి పిడుదును పీకి, నేను పట్టుకున్న కొబ్బరి చిప్పలో వేశాడు. నెత్తురు తాగి జొన్న గింజంత ఉంది. అది కార్తీకం. ఆ నెలంతా ఆయన ఏ ప్రాణినీ చంపడు. పీకడం అయ్యాక చిప్పను దొడ్డి రాతిగోడ సందుల్లోకి జాగ్రత్తగా వంపేవాడు.

"మిగతా పదకొండు నెలలూ వేటమాంసం కావాలి. పిడుదుని మాత్రం అల్లుడిలా చూస్తారు," అంది పెద్దమ్మ.

"దానికేం తెలుసే పాపం," అన్నాడాయన.

పిడుదు అలాంటి సందుల్లోనే పెరిగి మళ్లీ గొర్రెనెక్కుతుందని నేను చదివాను. చెప్పలేదు. మర్యాద అనుకున్నాను. నిజానికి బద్ధకం.

దసరా ముందు నందిగామ వైపు నుంచి ఒక గొర్రెను తెచ్చాడు. జ్వరం వచ్చి తగ్గిందని అమ్మినవాడే చెప్పాడు. మార్గశిరం చివర, ఆయన చేత్తో మేపుకునే సూడి గొర్రె మేత మానేసింది. కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయింది. జగ్గయ్యపేట నుంచి పశువుల డాక్టరును పిలిపించాడు.

"పిడుదుల్ని ఏం చేస్తున్నారండీ?"

"కార్తీకంలో గోడలో వేసానండి. ఇప్పుడు నలిపేస్తన్నా."

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "కొత్త గొర్రెకి జ్వరం తగ్గింది గానీ నెత్తుట్లో బాక్టీరియా పోలేదండి. పిల్ల పిడుదు ఆ నెత్తురు తాగి, గోడలో కుబుసం విడిచి, ఇంకో గొర్రెనెక్కి దానికి అంటిస్తది. పెనుగంచిప్రోలు ఆటో అనుకోండి. ఇక్కడెక్కించుకుని అక్కడ దించుద్ది. మీరేమో దానికి స్టాండు కట్టిచ్చారు."

మందకంతా ఇంజెక్షన్లు చేశారు. గోడకు మందు కొట్టి, సందులు సిమెంటుతో పూడ్చాం. మిగతావి నిలబడ్డాయి. సూడి గొర్రె నాలుగో రోజు పోయింది, కడుపులో పిల్లతో సహా.

పెదనాన్న దాని పక్కనే కూర్చుని, "పుణ్యం ఎవరికొచ్చిందిరా? పిడుదుకేగా," అన్నాడు.

అప్పుడు చెప్పాను, నాకు ముందే తెలుసని.

"నేను చదవను. చదివినోడివి నువ్వు నోరిప్పవు. దాన్ని చంపడానికి ఇద్దరం సరిపోయాం."

ఈ వేసవిలో ఆయనా పోయాడు. గుండెపోటు. పిడుదులకు సంబంధం లేదు. పదకొండో రోజు భోజనాల దగ్గర అందరూ ఆయన జీవదయ గురించి మాట్లాడారు. నేను మళ్లీ నోరిప్పలేదు.

దొడ్డిలో గొర్రెలు ఇంకా ఉన్నాయి. పిడుదుల్ని ఇప్పుడెవరూ గోడలో వెయ్యరు.