మైకులో చెప్పని మనిషి

మా బడి ఆయమ్మ పోయింది. మొన్న మధ్యాహ్నం ధర్మవరంలో నేను ఏడో తరగతికి పాఠం చెబుతుండగా ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పొద్దున సనిపోయింది పాపా. నీకు సెప్పల్లనిపించి సేసినా" అంది. నేను "అయ్యో" అని మాత్రం అనగలిగాను. నా ముఖం చూసి పిల్లలు నోరు మూసుకున్నారు. ఈ ఏడాదిలో వాళ్ళు అంత బుద్ధిగా కూర్చోవడం అదే మొదటిసారి.

ఇలాంటి వాళ్ళ గురించి ఎవరూ రాయరు. నేనైనా రాయాలి. నాకున్న అర్హత ఒక్కటే, ఆమె కూడు నా నోటి వల్లే పోయింది.

పెనుకొండలో నేను చదివిన హైస్కూలును ఊడ్చేదీ, మరుగుదొడ్లు కడిగేదీ ఆమే. పెద్ద ఈతపరకతో గది మూలల నుంచి మొదలుపెట్టేది. "మూల ఊడిస్తే నడుమ దానంతట అదే బాగైతాది" అనేది. ఊడ్చేటప్పుడు దొరికిన పెన్సిలు ముక్కలు, రిబ్బన్లు, చెవి దిద్దులు ఒక బిస్కెట్ డబ్బాలో దాచి, శనివారం నాడు తరగతి తరగతికీ తిప్పి ఎవరివి వాళ్ళకు ఇచ్చేది. ఒకసారి నా కాలి పట్టీ పోయి ఇంట్లో తన్నులు తప్పవని ఏడుస్తూ కూర్చుంటే, మూడో రోజుకు తెచ్చి చేతిలో పెట్టింది. "పోయింది యాడికీ పోదు పాపా. యాడో ఒక మూలన ఉంటాది. ఎతికేవాళ్ళకు ఓపికుండల్ల, అంతే."

తొమ్మిదో తరగతిలో శనక్కాయ పొట్టుతో మండే పొయ్యి చేసి చూపించినందుకు నన్ను జపాన్ విజ్ఞాన యాత్రకు ఎంపిక చేశారు. పది రోజులు. బడంతా నా చుట్టూనే తిరిగింది. స్నేహితురాళ్ళు చాక్లెట్లు అడిగారు. లెక్కల సారు మంచి పెన్ను అడిగారు. నాయన మాత్రం "ఆడ వాన ఎంత పడతాదో కనుక్కోని రా" అన్నాడు. ఆయమ్మ వరండా చివర నన్ను ఆపి, శనక్కాయల పొడి పొట్లం చేతిలో పెట్టి మెల్లగా అడిగింది. "ఆడ ఇస్కూలు ఊడ్సేవాళ్ళు ఎట్లుంటారో సూసి రా పాపా. వాళ్ళ పరక ఎట్లుంటాదో, నడుము వంచి ఊడుస్తారో, నిలబడి ఊడుస్తారో. నాకొచ్చి సెప్పల్ల, మర్సిపోవద్దు."

నేను మర్చిపోలేదు. అదే నా ఖర్మ. అక్కడ మమ్మల్ని ఒక బడికి తీసుకెళ్ళారు. మధ్యాహ్న భోజనం కాగానే పిల్లలంతా తలలకు గుడ్డలు కట్టుకుని గదులు ఊడ్చారు, మోకాళ్ళ మీద వంగి వరండాలు తుడిచారు. మా వెంట వచ్చిన టీచర్లు "చూడండి, నేర్చుకోండి" అని మా వీపుల మీద తట్టారు. నేను మాత్రం ఆయమ్మ కోసం వెతుకుతూ భవనం వెనక్కి వెళ్ళాను. అక్కడొక చిన్న షెడ్డు. బూడిదరంగు బట్టలు వేసుకున్న ముసలాయన ఒకడు నిచ్చెన దిగుతున్నాడు. గోడకు చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా చీపుళ్ళు వేలాడుతున్నాయి. నేను ఊడుస్తున్నట్టు చేతులతో చూపిస్తే నవ్వి, ఒక్కొక్క చీపురూ దించి ఎలా పట్టుకోవాలో చూపించాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చిన దుబాసీని అడిగితే, పిల్లలు ఊడ్చి వెళ్ళాక మిగిలిన పనంతా ఈయనదేనని చెప్పింది. ఆయన ఒక చిన్న చేతి చీపురు నాకు కానుకగా ఇచ్చాడు. దాన్ని పెట్టెలో బట్టల మధ్య దాచి తెచ్చాను, ఆయమ్మకని.

తిరిగొచ్చిన మొదటి సోమవారమే ప్రార్థనలో నన్ను మైకు ముందు నిలబెట్టారు. "అక్కడ బళ్ళలో ఆయమ్మలు ఉండరు. పిల్లలే ఊడ్చుకుంటారు. మనమెందుకు చేయకూడదు?" అన్నాను. ఆ ముసలాయన నాకు గుర్తున్నాడు. కాగితం మీద రాసుకుని, ముందురోజే కొట్టేశాను. ఆయన వస్తే ప్రసంగం చప్పబడిపోతుంది మరి. చప్పట్లు మోగాయి. వరండాలో పరక చంకలో పెట్టుకుని ఆయమ్మ కూడా కొట్టింది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఆమెకంటే ముందు ఊరికి చెప్పాను, అదీ సగమే.

పెద్దసారు ఆ రోజే వంతుల పట్టిక వేయించారు. అందమైన చేతిరాత నాదని నా చేతే రాయించారు. ఎవరెవరో వచ్చి చూసి మెచ్చుకుని ఫోటోలు తీసుకున్నారు. నెల తిరక్కుండానే ఆయమ్మను పిలిచి, "పిల్లలే చేసుకుంటాండారు కదమ్మా, ఇంక నువ్వెందుకు" అన్నారు. ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు, అడిగేవాళ్ళు లేరు. వెళ్తూ వెళ్తూ బిస్కెట్ డబ్బా నా బెంచీ మీద పెట్టింది. "శనివారం శనివారం తిప్పు పాపా" అంది. జపాన్ సంగతి ఇప్పుడైనా చెబుతానేమోనని కాసేపు నిలబడింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

మా తరగతికీ పెద్దసారు గదికీ మధ్య ఇరవై అడుగులుంటాయేమో. వెళ్ళి "సార్, అక్కడ కూడా ఒకాయన ఉన్నాడు" అంటే చాలు. మరి మైకులో ఎందుకు చెప్పలేదని అడుగుతారే! ఆ సిగ్గుకు జంకి ఆ ఇరవై అడుగులు వేయలేదు. ఆమె వెళ్ళిన మూడు వారాలకు పిల్లల ఉత్సాహం చల్లారింది. మగపిల్లలు వంతు రోజున బంతి ఆడటానికి పోయేవాళ్ళు. పట్టికలో లేకపోయినా మరుగుదొడ్ల పని ఆయమ్మ వాళ్ళ కాలనీ నుంచి వచ్చే ఆడపిల్లల మీద పడింది. అది చూసి కూడా ఊరుకున్నాను. విదేశం పోయి నేర్చుకున్నది ఏమిటని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు ఆ పిల్లలే కళ్ళ ముందు నిలబడతారు. శనివారం డబ్బా ఒక్కసారి కూడా తిప్పలేదు.

ఆయమ్మ హిందూపురంలో కూతురి దగ్గరికి చేరి చింతపండు గింజలు తీసే పనికి పోతోందని చాలా ఏళ్ళకు తెలిసింది. నాకు ఉద్యోగం వచ్చాక, పోయిన ఏడాది ధైర్యం చేసి ఆ చీపురు తీసుకుని వెళ్ళాను. చింతపండు కుప్ప ముందు కూర్చుని చిన్న సుత్తితో కొడుతోంది. వేళ్ళు నల్లబడి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టగానే ఆమె అడిగిన మొదటి మాట, "సూసినావా పాపా? ఆడ ఊడ్సేవాళ్ళు ఎట్లుంటారు?"

అన్నేళ్ళూ ఆ జవాబు కోసం చూస్తూనే ఉంది.

"ఒకాయన ఉండె ఆయమ్మా. ముసలాయన" అని చీపురు ఇచ్చాను.

"ఉండాడా! నేననుకుంటానే ఉంటి. పిల్లోళ్ళు ఊడిస్తే మూలలు ఎవురు ఊడ్సల్ల అని" అంటూ చీపురు అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. తర్వాత మామూలుగానే అడిగింది. "మరి ఆ పొద్దు మైకులో సెప్పలేదే?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తిట్టనూ లేదు. గింజ తీసిన చింతపండు ఇంత కవర్లో వేసి ఇచ్చి, "రైలుకు పొద్దుపోతాది, పో పాపా" అంది. క్షమించిందో లేదో నాకు తెలియదు.

ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. పెనుకొండలో ఆగినప్పుడు కిటికీ వైపు చూడలేదు. హిందూపురం చేరేసరికి ఆమెను ఎత్తుతున్నారు. మగవాళ్ళంతా వెంట వెళ్ళాక ఇంట్లో ఆడవాళ్ళం మిగిలాం. నేల నిండా బంతిరేకులు. గోడ మేకుకు ఆ చీపురు వేలాడుతోంది. ఒకవైపే అరిగి ఏటవాలుగా అయింది.

"మూలలకే వాడేది మా యమ్మ. నన్ను ముట్టనిచ్చేది కాదు" అంది కూతురు. ఇల్లు ఊడ్చడానికి ఆమె లేవబోతే, నేను ఊడుస్తానని ఆ చీపురు దించాను. "నువ్వొద్దు పాపా, టీచరమ్మవు" అన్నా వినలేదు. నడుము వంచి గది నడుమ నుంచి గడప దాకా ఊడ్చి, రేకులు ఎత్తి బయట పోసి వచ్చాను.

వచ్చి చూస్తే, ఆయమ్మ రోజూ చాప వేసుకునే మూలలో ఒక బంతిరేకు అలాగే ఉంది.